సముద్రపు ఇసుకలోని కాపురములు

అద్దంకి ప్రక్కగా పారు గుండ్లకమ్మ ఇసుకను మనము ట్రాక్టరు లెక్కన ఎరుగుదుము. ఇల్లు కట్టువానికి అది సిమెంటు సరసన నిలుచు సరకు. పంచాయతీకి బండ్ల బాటలు, తగవులు, అర్జీలు. మనము ఎత్తుకొనగా మిగిలిన ఇసుక ఎచ్చటికి పోవుచున్నదో, అచ్చట దానితో ఎవరికి పని యున్నదో విచారించువారు అరుదు. నల్లమల కొండలలో పుట్టి, కంభము చెరువును నింపి, అద్దంకిని దాటి, ఈ యేరు ఒంగోలు ప్రాంతపు తీరమున బంగాళాఖాతములో కలియుచున్నది. వరద వచ్చినపుడు కొంత ఇసుక కడలికి చేరును. అట్టి ఇసుకలో కాపురముండు జీవులను గూర్చి పంచాయతీ సభ్యులకు ఈ నెల విన్నవించుచున్నాము.

సముద్రములో ఇసుక ఒకచోట నిలువదు. అలల త్రోపుడుకు అది దున్నిన చేని చాళ్లవలె గట్లు గట్లుగా ఏర్పడును. ఆ గట్లును కదలిపోవుచుండును. మన తూర్పు తీరమున నైరృతి ఋతుపవన కాలపు అలల బలిమి వలన, ఏడాది మొత్తము మీద ఇసుక ఉత్తరమునకే ఎక్కువగా సాగును. బురద నేలయందలి జీవులు బొరియలు చేసికొని, పైనుండి దిగి పేరుకొన్న కుళ్లును తినుచు కుదురుగా నుండగలవు. కదలు ఇసుకలో ఆ వసతి లేదు. బొరియ కూలిపోవును, తిండి కొట్టుకొనిపోవును. కావున ఇచ్చట బ్రతుకదలచిన జీవికి రెండు విద్యలు ముఖ్యము: అల పైకి పెల్లగించినపుడు తటాలున మరల పూడుకొనుట, పారు నీటినుండి ఆహారమును వడగట్టుకొనుట.

ఎమెరిటా అను చిన్న పీతను చూడుడు. గ్రుడ్డువలె నున్నగా నుండును. వెనుకకు వెనుకకు త్రవ్వుకొనుచు ఇసుకలో మునిగి, కన్నులు మాత్రము పైకి నిలుపును. అల వెనుకకు మళ్లు వేళ, ఈకలవంటి రెండు మీసములను నీటిలో చాచి, అందు తగులుకొన్న నలుసులను నోటికి చేర్చుకొనును. డోనాక్సు అను ముక్కోణపు ఆలిచిప్పది మరియొక నేర్పు. పోటు వచ్చునపుడు ఇసుకనుండి వెలువడి అలతో పాటు ఒడ్డు వైపునకు సాగును. ఆటు వేళ దిగువకు పోవును. మోయించుకొని పోవుటకు అలయే దానికి బండి. మటూటా పీతకు కాళ్ల కొనలు తెడ్లవలె చదునై, ఈదుటకును త్రవ్వుటకును అక్కరకు వచ్చును. వీనిని, వీనితోడి పురుగులను తిను చేపలు తీరపు నీళ్లలో నుండును. బెస్తవారి వలలో పడునది కొంత ఈ ఇసుక పంటయే.

కంటికి కనిపించునవి ఇవి. రేణువునకును రేణువునకును నడుమ నిలుచు నీటిలో ఇంకను సూక్ష్మమైన లోకము కలదు. వాల్తేరు తీరపు ఇసుకలలోని ఈ జీవులను పరిశీలించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమునందలి పి. ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావుగార్లు 1962లో వ్యాసము ప్రకటించిరి. ఈ జీవులలో పెక్కింటికి ఒడలు దారమువలె సన్నము. ఇరుకు సందులలో దూరుటకు అది తగును. కొన్నింటికి జిగురు గ్రంథులుండును. ఇసుక కదలినపుడు రేణువును అంటిపట్టుకొనును. రేణువుల పైన పెరుగు సూక్ష్మక్రిములును, ఈ జీవులును కలసి నీటిలోని మాలిన్యమును తినివేయుచుండును. గ్రామ మంచినీటి పథకములలో మనము కట్టు ఇసుక వడపోత మడుగు చేయు పనియు ఇట్టిదే. కాకున్న, సముద్రములో దానికి కావలివాని జీతము లేదు.

తుఫాను ఇసుకను తలక్రిందులు చేసినను ఈ జీవులు త్వరగా కోలుకొనును; కదలిక వానికి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇసుకయే కరవైనచో, లేదా రేణువుల సందులు ఒండ్రుతో మూసికొనిపోయినచో వానికి దిక్కులేదు. నీరాడక గాలి అందదు. అచ్చట బురద జీవులు చేరును. ఏటికి అడ్డుకట్ట పడినచోట ముతక ఇసుక ముందుగా అడుగున దిగిపోవును, సన్నని ఒండ్రు దిగువకు సాగును. గుండ్లకమ్మపై మల్లవరము కడ జలాశయము 2008లో ప్రారంభమైనది. పొలములకు నీరు కావలెను, దానిని తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. అయితే పైన యంత్రములతో ఏటి గర్భమును తోడి, దిగువన కట్టతో ఆపినచో, కడలికి చేరు ఇసుక రెండు విధముల తగ్గును. ఇసుక త్రవ్వకమునకు 2002నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, వృక్ష సంరక్షణ చట్టము హద్దులు పెట్టినది. ఇసుకను రాబడి పద్దుగ మాత్రమే ఎంచుట సరికాదని మా అభిప్రాయము. వేసవిలో ఏటి ఒడ్డు బావులకు ఊట నిలుపునదియు ఆ ఇసుకయే యని సభ్యులకు మేము చెప్పనక్కరలేదు.

చీరాల ఓడరేవుకు గాని కొత్తపట్నమునకు గాని పోయినపుడు, అల మళ్లిన తడి ఇసుకలో జానెడు లోతు త్రవ్వి, జల్లెడలో పోసి సముద్రపు నీటితో కడుగుడు. మిగిలిన జీవులను లెక్కించి మరల అచ్చటనే విడువుడు. అవి రెప్పపాటున పూడుకొనిపోవు విధము బడిపిల్లలకు చూపదగినది.