పేజీ వచ్చింది, పని వచ్చిందా?

కొత్త సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా నేర్చుకునేవారికి ఈనాడు పాఠాల కొరత లేదు. వీడియోలు, సాఫ్ట్‌వేర్‌తోపాటే వచ్చే సహాయ పుటలు, అడిగిందే తడవుగా ఏ మెనూలో ఏది నొక్కాలో చెప్పే కృత్రిమ మేధ సాధనాలు అన్నీ అందుబాటులో ఉన్నాయి. లేనిదల్లా, నేర్చుకున్నది ఎంతవరకు వంటబట్టిందో తేల్చి చెప్పే మనిషి. తరగతిలో ఉపాధ్యాయుడు చేసే ఆ పనిని ఇక్కడ నేర్చుకునేవారే తమ మీద వేసుకోవాలి. చాలామంది ఆ బాధ్యతను తెర మీద కనిపించే ఫలితానికి అప్పగించి, పేజీ అనుకున్నట్టు వచ్చింది కాబట్టి పని వచ్చినట్టేనని ఊరుకుంటారు. కంప్యూటర్ విషయంలో ఈ లెక్క తరచూ తప్పుతుంది, ఎందుకంటే తెలిసి చేసిన పనికీ, తడుముకుంటూ చేసిన పనికీ తెర మీద ఒకే రూపం ఉంటుంది.

తన ఆలోచన ఎలా సాగుతోందో తానే గమనించి దాన్ని సరిదిద్దుకోగల సామర్థ్యాన్ని మనస్తత్వ శాస్త్రం మెటాకాగ్నిషన్ అంటుంది. తెలుగులో దాన్ని అధిసంజ్ఞానం అనవచ్చు. అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ ఫ్లావెల్ 1970ల్లో ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చారు. 1983లో వెలువడిన 'ద రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' అనే గ్రంథంలో డొనాల్డ్ షాన్ ఇదే విషయాన్ని వృత్తుల వైపు నుంచి పరిశీలించి, పని జరుగుతుండగానే చేసే ఆలోచన, పని ముగిశాక వెనక్కి తిరిగి చూసుకునే ఆలోచన అని రెండుగా విడదీశారు. సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడంలో ఈ రెండూ అవసరమే. అయితే వాటికి ముందు మరొకటి ఉండాలి: బటన్ నొక్కబోయే ముందు, నొక్కితే ఏం జరుగుతుందని నమ్ముతున్నారో ఆ నమ్మకాన్ని మాటల్లో పెట్టుకోవాలి. అది లేనప్పుడు, తర్వాత ఎంత సమీక్షించుకున్నా పోల్చి చూసుకోవడానికి ఏమీ మిగలదు. జరిగిందంతా మొదటినుంచీ తెలిసినట్టే తోస్తుంది.

ఈ మాట ఎంత నిజమో చూడడానికి తెలుగు అచ్చు రంగాన్ని మించిన ఉదాహరణ లేదు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌గా ఆల్డస్ కంపెనీ 1985లో విడుదల చేసిన పేజ్‌మేకర్, 1994లో ఆ కంపెనీ అడోబీలో కలిసిపోయాక కూడా కొనసాగి, 2001లో వచ్చిన 7.0 వెర్షన్‌తో ఆగిపోయింది. దాని స్థానంలోకి రావలసిన ఇన్‌డిజైన్‌ను అడోబీ 1999లోనే తెచ్చింది. అయినా పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు కంపోజ్ చేసే తెలుగు డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్, అను అనే తెలుగు ఫాంట్ల జంట ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు చెలామణి అయింది. దీన్ని ఆపరేటర్ల బద్ధకంగా చూడడం అన్యాయం. ఇన్‌డిజైన్‌లో తెలుగు యూనికోడ్‌ను నేరుగా కూర్చుకునే వీలు 2012 నాటి సీఎస్6 వెర్షన్‌తో గాని రాలేదు. ఆ వీలు వచ్చేసరికి ఆపరేటర్ల ముందు ఒకటి కాక రెండు కొత్త విద్యలు నిలిచాయి: పేజీని నిర్మించే కొత్త పద్ధతి ఒకటి, అక్షరాన్నే కొత్తగా అర్థం చేసుకోవడం రెండోది. మొదటిది కళ్లకు కనిపిస్తుంది. రెండోది కనిపించదు.

అను వంటి పాత ఫాంట్లు అక్షరాన్ని బొమ్మగా చూస్తాయి. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను, గుణింతపు గుర్తులను, వత్తులను అమర్చుకుంటాయి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి కనిపిస్తుంది. యూనికోడ్ ప్రతి అచ్చుకూ హల్లుకూ గుణింతపు గుర్తుకూ ప్రపంచమంతటా చెల్లే ఒక సంకేత సంఖ్యను ఇచ్చి, వాటిని ఏ రూపంలో చూపాలన్నది ఫాంటుకూ సాఫ్ట్‌వేర్‌కూ వదిలేస్తుంది. 'స్త్రీ' అనే అక్షరం యూనికోడ్‌లో సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. గుడిదీర్ఘం సకారానికే అంటుకుని కనిపించినా వరుసలో దాని చోటు చిట్టచివర. 'సీ' రూపం వేసి కింద వత్తులు తగిలించడానికి అలవాటుపడిన కంటికి ఈ తేడా తెలిసే అవకాశమే లేదు, చివరకు తెర మీదకు వచ్చే బొమ్మ ఒకటే కాబట్టి. ఇక్కడ ఒక చిన్న పరీక్ష ఎంతో చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఈ అక్షరాన్ని టైపు చేసి, బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కితే ఏది పోతుందో ముందే కాగితం మీద రాసుకోవాలి. రవత్తు పోతుందని రాసినవారు అక్షరాన్ని ఇంకా బొమ్మగానే చూస్తున్నారు. పోయేది గుడిదీర్ఘం, మిగిలేది 'స్త్ర'.

ఇదే అపోహ పెద్ద చిక్కులకు దారితీస్తుంది. యూనికోడ్‌లో 'సాఫ్ట్‌వేర్' అనే మాటను మామూలుగా టైపు చేస్తే టకారపు పొల్లు తర్వాత వచ్చే వకారం వత్తుగా మారి 'సాఫ్ట్వేర్' అని కనిపిస్తుంది. దాన్ని విడదీయడానికి నేర్చుకునేవారు సహజంగా మధ్యలో ఒక ఖాళీ పెడతారు. పేజీ చూడడానికి బాగానే ఉంటుంది, సమస్య తీరిందనిపిస్తుంది. కాని కంప్యూటర్ దృష్టిలో అది ఇప్పుడు రెండు మాటలు: పంక్తి చివర పడితే రెండుగా విరుగుతుంది, వెతికితే దొరకదు. అక్కడ వాడవలసింది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే సంకేతం. దానికి వెడల్పు ఉండదు, అది కనిపించదు, రెండు హల్లులు కలవకుండా మాత్రం ఆపుతుంది. ఖాళీ పెట్టినవారికీ, ఈ సంకేతం పెట్టినవారికీ అచ్చులో దాదాపు ఒకే ఫలితం వస్తుంది. అచ్చును చూసి మార్కులు వేసుకుంటే ఇద్దరికీ సమానంగా పడతాయి.

అక్షరాన్ని దాటి పేజీలోకి వస్తే, స్వీయ పరీక్షలో అడగవలసిన ప్రశ్న మారుతుంది. ఇన్‌డిజైన్‌లో అక్షరాలను పంక్తులుగా కూర్చే అంతర్గత యంత్రాంగాన్ని కంపోజర్ అంటారు. తెలుగుకు వరల్డ్ రెడీ అనే కంపోజర్‌ను ఎంచుకోకపోతే వత్తులు, గుణింతాలు వాటి చోట కూర్చోవు. ఎక్కడో చదివి ఒక పేరాకు ఆ మార్పు చేసినవారు నేర్చుకున్నామనుకుంటారు, మర్నాడు కొత్త డాక్యుమెంట్‌లో అక్షరాలు మళ్లీ చెదిరితే సాఫ్ట్‌వేర్‌ను తప్పుపడతారు. ఆ మార్పును ఎంచుకున్న పేరాకు మాత్రమే చేయవచ్చు. పేరాగ్రాఫ్ స్టైల్‌లో, అంటే ఒకే రకం పేరాలన్నిటికీ కలిపి నిర్దేశించే రూపంలో చేర్చవచ్చు. ఏ డాక్యుమెంటూ తెరవకుండా ప్రిఫరెన్సుల్లో మార్చి ఇకపై తెరిచే కొత్త డాక్యుమెంట్లన్నిటికీ వర్తింపజేయవచ్చు. కాబట్టి మార్పు జరిగిందా అని చూసుకోవడం చాలదు, అది ఎంతమేరకు జరిగింది, రేపు ఎక్కడ జరగదు అని కూడా అడగాలి. లెక్కల పనిలోనూ ఇదే జరుగుతుంది: ఎక్సెల్‌లో జాబితాలో వెతికి విలువను తెచ్చే వీలుకప్ సూత్రం రాస్తూ చివరి నాలుగో అంశాన్ని వదిలేస్తే, సరిగ్గా సరిపోయే పేరు కోసం కాక దగ్గరి పేరు కోసం వెతుకుతుంది, జాబితా వరుసలో లేనప్పుడు ఏ హెచ్చరికా లేకుండా తప్పు అంకెను తెచ్చి పెట్టగలదు.

ఇటువంటి పొరపాట్లు తెలివితక్కువతనం వల్ల వచ్చేవి కావు. ఐబీఎం పరిశోధకులు జాన్ కారల్, మేరీ బెత్ రాసన్ 1987లో ప్రచురించిన వ్యాసం వీటి మూలాన్ని స్పష్టం చేసింది. సాఫ్ట్‌వేర్ వాడేవారికి చేతిలోని పని పూర్తికావడమే ముఖ్యం గనుక, ఆగి నేర్చుకుంటే రేపు సమయం కలిసివస్తుందని తెలిసినా ఆగరు. కొత్తదాన్ని ఎప్పుడూ పాతదాని సాయంతోనే అర్థం చేసుకుంటారు గనుక, పోలిక సరిపోని చోట పొరబడతారు. ఈ రెండు ధోరణులూ మనిషిని ఆ పూటకు నెగ్గిస్తాయి, ముందుకు మాత్రం పోనివ్వవు. పేజ్‌మేకర్ నుంచి వచ్చినవారు ఇన్‌డిజైన్‌లో కూడా ప్రతి శీర్షికనూ విడివిడిగా ఎంచుకుని సైజు మార్చుకుంటూ పోవడం దీనికి నిదర్శనం.

అందుకు విరుగుడు ఒక నోటు పుస్తకం. చేయబోతున్నది, జరుగుతుందనుకున్నది, నిజంగా జరిగినది, రెండింటికీ తేడా వస్తే దానికి తోచిన కారణం వెంటవెంటనే అందులో రాయాలి. ఒకసారికి ఒక్క అంశమే మార్చాలి. రెండు సెట్టింగులు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు. అసలు ఫైలుకు నకలు తీసుకుని దాని మీదే ఈ ప్రయోగాలు చేస్తే భయం ఉండదు. చేసిన పనిని వెనక్కి తీసుకునే అన్‌డూ ఆదేశం ఇక్కడ వరమే, కాని దానిలో ఒక ప్రమాదం కూడా ఉంది: పోయేదేమీ లేదన్న ధైర్యంతో తోచినవన్నీ నొక్కుతూ పోతే ఎప్పుడో ఒకప్పుడు ఫలితం వస్తుంది, ఏ నొక్కుడుకు వచ్చిందో మాత్రం గుర్తుండదు. అలా వచ్చినప్పుడు ఆ పనిని మొదటినుంచి మళ్లీ చేసి చూసుకోకుండా నేర్చుకున్నట్టు రాసుకోకూడదు.

మళ్లీ చేయడం కూడా వెంటనే కాక కొంత ఎడంతో జరగాలి. రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని పదేపదే చదివినవారు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత, చదవడం తగ్గించి గుర్తుచేసుకుని రాసినవారే ముందుకు వచ్చారు. ఎక్కువ గుర్తుంటుందన్న నమ్మకం మాత్రం పదేపదే చదివినవారిలోనే ఎక్కువగా కనిపించింది. వీడియోల విషయంలోనూ ఇంతే. కార్డస్, ఓబ్రయన్ 2018లో ప్రచురించిన పరిశోధనలో, ఒక విద్యను ఇతరులు చేస్తుండగా ఎక్కువసార్లు చూసినవారికి అది తమకూ వచ్చేసిందన్న నమ్మకం పెరిగింది, చేసి చూపమన్నప్పుడు నైపుణ్యం పెరగలేదు. అందువల్ల వీడియో చూసినవారు దాన్ని మూసేసి, మర్నాడు ఖాళీ ఫైలుతో కూర్చుని, నిన్నటి పేజీని ఏ సహాయమూ లేకుండా కట్టగలరేమో చూసుకోవాలి. ఎక్కడ చేయి ఆగిందో అక్కడే తర్వాతి పాఠం మొదలవుతుంది. కృత్రిమ మేధను అడిగేవారు సైతం, జవాబు చదవకముందే తమ జవాబును రాసి పెట్టుకుంటే ఆ సాధనం నుంచి నిజంగా నేర్చుకోగలుగుతారు.

స్వీయ మూల్యాంకనానికి ఒక హద్దు ఉందని ఒప్పుకోవాలి. క్రూగర్, డన్నింగ్ 1999లో చూపినట్టు, ఒక విద్యలో బాగా వెనకబడినవారికి తమ వెనకబాటును గుర్తించే శక్తి కూడా అంతగా ఉండదు. అదే పరిశోధనలో, కొంత శిక్షణ ఇచ్చాక వారి అంచనాలు వాస్తవానికి దగ్గరయ్యాయి. కాబట్టి నోటు పుస్తకంలోని తీర్పును తన మాట వినని సాక్ష్యంతో సరిచూసుకుంటూ ఉండాలి. కూర్చిన పేజీలోంచి ఒక పేరాను నకలు తీసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే, తెలుగు అక్షరాలు వచ్చాయా, ఇంగ్లిషు గజిబిజి వచ్చిందా అన్నది ఎవరి అభిప్రాయం మీదా ఆధారపడదు. పేరాగ్రాఫ్ స్టైల్‌లో శీర్షికల సైజు ఒక్కచోట మారిస్తే పుస్తకమంతా మారిందో లేదో చూడడం కూడా అటువంటిదే.

ఈ నేర్పు అక్కరకు వచ్చే పని తెలుగు ప్రచురణ రంగంలో ఇంకా మిగిలే ఉంది. పాత ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు, పాత స్థానానికి కొత్త సంకేతాన్ని చూపే పట్టిక ఆధారంగా పనిచేస్తాయి. పట్టికలో లోపం ఉంటే ఒకే తప్పు పుస్తకమంతా ఒకే తీరుగా వస్తుంది, టైపు చేసినవారి పొరపాటైతే అక్కడక్కడా వస్తుంది. మొదటి రకాన్ని వెతికి మార్చే ఒక్క ఆదేశంతో సరిచేయవచ్చు. రెండో రకాన్ని ప్రూఫు చదివి పట్టుకోవలసిందే. ఏది ఏ రకమో ముందే అంచనా కట్టి, ఎన్ని చోట్ల మారుతుందో రాసుకుని ఆ ఆదేశం ఇచ్చినవారు, పని ముగిశాక ఇన్‌డిజైన్ చూపే మార్పుల సంఖ్యను తమ అంకెతో పోల్చుకుంటారు. ఇరవై అనుకున్న చోట రెండు వేలు కనిపిస్తే, ఫైలును సేవ్ చేయకముందే వెనక్కి తీసుకుంటారు.