తమిళనాట భజన గోష్ఠిలో తెలుగు ఎలా నిలిచింది?

తమిళనాట సంప్రదాయ భజనలో పాడేవారిలో చాలామందికి తెలుగు చదవడం రాదు. చేతిలో తమిళ లిపి పుస్తకం ఉంటుంది. నోట మాత్రం త్యాగరాజు తెలుగు పలుకుతుంది. ఇన్ని తరాలుగా ఈ తెలుగును కాపాడింది బడి కాదు, కలిసి పాడే పద్ధతి.

తిరువయ్యూరులో జీవించిన త్యాగరాజు (1767–1847) రచనల్లో ఘనరాగ పంచరత్నాలు ఐదు. మొదటిది సంస్కృతం, మిగతా నాలుగు తెలుగు. పుష్య బహుళ పంచమినాడు ఆరాధనలో వాటిని వందల మంది కలిసి పాడతారు. అయితే నేర్చినవారే పాడగలరు, మిగతావారు వినాలి.

దివ్యనామ కీర్తనల తీరు వేరు. చాలావాటిలో చరణాలు చిన్నవి, అన్నిటికీ ఒకటే వరుస. ఒక చరణం పట్టుబడితే మిగతావి సులువు. మధ్యలో దీపం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ పాడతారు. భాగవతార్ ఒక పాదం అందిస్తే గోష్ఠి అందుకుంటుంది. తాళాలు, మృదంగం నడక తప్పనివ్వవు. ఒకరికి ఊపిరి ఆగినచోట పక్కవారి గొంతు నిలబెడుతుంది. అందుకే గొంతు బాగుండదని సిగ్గుపడేవారు కూడా పాడతారు. ఈ రోజు చప్పట్లు కొట్టిన పిల్లవాడు కొన్నాళ్లకు పల్లవి అందుకుంటాడు.

పుస్తకం ఒక్కటే చాలదు. తమిళంలో ప, బ, భలకు ఒకటే అక్షరం. బాల, పాల ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియడానికి కొన్ని పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేస్తారు. అయినా సరైన పలుకుబడి వచ్చేది పక్కన కూర్చున్న పెద్దల నోటినుంచే.

కాబట్టి భజన కచేరీగా మారితే నష్టం మనకే. మైకు ఇద్దరి చేతికి చిక్కి మిగతావారు శ్రోతలైపోతే, పాట ఎంత బాగున్నా గోష్ఠి మూగబోతుంది. దానితోపాటే తెలుగూ పోతుంది.

చేయదగినవి చిన్న పనులే. కీర్తనకు ముందు ఒక్క నిమిషం అర్థం చెప్పాలి. పల్లవిని తొందరపడకుండా అందరికీ పట్టుబడేదాకా తిప్పాలి. ఒక చరణమైనా పిల్లల చేత అందించాలి. మన ఇళ్లలో తెలుగు మాట తగ్గినచోట కూడా, వారానికి ఒక సాయంత్రం ఆ పిల్లలు పదిమంది మధ్య గొంతెత్తి తెలుగు పలుకుతారు.