మిన్నెసోటా పెరట్లో నారు షెడ్డు

అమెరికా ఉత్తరపు అంచున, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న మిన్నెసోటా రాష్ట్రంలో కూరగాయల తోటకు దొరికే కాలం ఏడాదికి సుమారు అయిదు నెలలే. జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకు 25 డిగ్రీల సెల్సియస్ దిగువకు పడిపోయే రాత్రులు అక్కడ అరుదు కాదు. ఏప్రిల్‌లో మంచు కరిగి పచ్చిక కనిపించినా నేల లోపల చలి మరికొన్ని వారాలు నిలిచే ఉంటుంది. మిన్నియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల శివార్లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇలాంటి నేలలో గోంగూర, బీర, ఆనప, వంగ, బెండ పండించుకోవాలంటే విత్తనం కంటే ముందు క్యాలెండర్‌ను చేతపట్టాలి. పెరట్లో కట్టుకునే నారు షెడ్డు కూడా ఆ క్యాలెండర్‌కు లోబడినదే. నడిశీతకాలంలో వంకాయలు కాయించాలన్న ఆశతో కట్టిన షెడ్డు డబ్బు తింటుంది. వసంతాన్ని ఆరేడు వారాలు ముందుకు జరపడానికి కట్టినది ఏటా ఫలితమిస్తుంది.

ఈ లెక్కంతా చివరి ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి నడుస్తుంది. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడినప్పుడు, ఆకుల మీద తేమ పలుచని మంచుపొరగా పేరుకోవడాన్నే ఫ్రాస్ట్ అంటారు. అప్పుడు లేత ఆకుల కణజాలంలో మంచు స్ఫటికాలు ఏర్పడి కణపొరలు చిట్లిపోతాయి కాబట్టి, సాయంత్రం నిటారుగా నిలిచిన టమాటా మొక్క మర్నాడు ఎండ తగిలేసరికి ఉడికినట్టు నల్లబడి వాలిపోతుంది. జంట నగరాల ప్రాంతంలో చివరి ఫ్రాస్ట్ సగటున మే తొలి పక్షం దాకా ఉంటుంది. అయితే సగటు తేదీ అంటే దాదాపు సగం సంవత్సరాల్లో ఆ తేదీ తర్వాత కూడా ఫ్రాస్ట్ పడిందని అర్థం. అందుకే అనుభవమున్నవారు మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే దాకా వెచ్చదనం కోరే మొక్కలను బయట నాటరు. అక్కడి నుంచి వెనక్కి లెక్కిస్తే మిరప, వంగ విత్తనాలు ఎనిమిది నుంచి పది వారాల ముందు, అంటే మార్చి రెండో పక్షంలో ట్రేలలో పడాలి. టమాటాకు ఆరేడు వారాలు చాలు. వేళ్లు కదిలితే ఓర్చుకోలేని బీర, ఆనపలకు మూడు నాలుగు వారాల ముందు కాగితపు కుండీల్లో విత్తడమే మేలు. పాలకూర, కొత్తిమీర, మెంతి, బఠాణీ మాత్రం చలికి జంకవు కనుక, నేల చేతికి పొడిపొడిగా వచ్చిన రోజునే, సాధారణంగా ఏప్రిల్ రెండో పక్షంలో, నేరుగా మడిలో చల్లుకోవచ్చు. బెండ వీటికి పూర్తిగా వ్యతిరేకం: మట్టి 18 డిగ్రీలకు చేరకముందు వేసిన గింజ మొలవడానికి బదులు కుళ్లిపోయే అవకాశమే ఎక్కువ.

తోట ప్రణాళిక వేసేవారు తరచుగా అమెరికా వ్యవసాయ శాఖ ప్రచురించే హార్డినెస్ జోన్ల పటాన్ని ఆశ్రయిస్తారు. 2023లో సవరించిన ఈ పటం ప్రతి ప్రాంతపు కనిష్ఠ శీతల ఉష్ణోగ్రతల సగటును బట్టి దేశాన్ని 13 మండలాలుగా విభజిస్తుంది. ఏ పండ్ల చెట్టు, ఏ గులాబీ శీతకాలాన్ని తట్టుకుని బతుకుతుందో చెప్పడానికి అది ఉపయోగపడుతుంది. ఒక్క వేసవిలో పుట్టి, కాసి, ముగిసిపోయే బెండకో బీరకో దానితో పెద్ద నిమిత్తం లేదు.

ఉష్ణోగ్రత గురించి అందరూ ఆలోచిస్తారు గాని, వెలుతురు గురించి ఆలోచించేవారు తక్కువ. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు సుమారు పదకొండు గంటలు, అతి పెద్దది పదమూడు గంటల పైచిలుకు. 45 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న మిన్నియాపోలిస్‌లో డిసెంబరు పగలు తొమ్మిది గంటలైనా ఉండదు, జూన్ పగలు పదిహేనున్నర గంటలు సాగుతుంది. ఈ తేడా చిక్కుడును నేరుగా దెబ్బతీస్తుంది. తెలుగునాట వానాకాలంలో పెట్టిన చిక్కుడు పాదు పగళ్లు కురచబడ్డాకే పూతకు వచ్చి సంక్రాంతికి, రథసప్తమికి విరగకాస్తుంది. పగటి నిడివి తగ్గితేనే పూసే ఈ స్వభావమున్న మొక్కలను హ్రస్వ దివస మొక్కలంటారు. అదే గింజను మిన్నెసోటాలో మేలో నాటితే పాదు జూన్, జూలై, ఆగస్టు నెలలు పందిరంతా అల్లుకుని ఆకులే వేస్తుంది. పన్నెండు గంటలలోపు పగళ్లు సెప్టెంబరు చివరికిగాని రావు. మొగ్గ తొడిగే వేళకు అక్టోబరు ఫ్రాస్ట్ వచ్చి తీగను మాడ్చేస్తుంది. లోపం ఎరువుదీ కాదు, పోషణదీ కాదు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ వంటి పొద రకాలు పగటి నిడివితో సంబంధం లేకుండా పూస్తాయి కనుక, అక్కడ వెతకవలసినవి అటువంటి గింజలే. గోంగూరదీ హ్రస్వ దివస స్వభావమే అయినా అక్కడ అది వరంగా మారుతుంది: పూతకు పోకుండా వేసవంతా ఆకు వేస్తూనే ఉంటుంది.

షెడ్డు విషయానికి వస్తే, మొదట తేల్చుకోవలసింది దిక్కు. మార్చి మూడో వారంలో మధ్యాహ్న సూర్యుడు అక్కడ దక్షిణాన 45 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. పారదర్శకమైన దక్షిణపు కప్పును అంతే వాలుతో నిలిపితే నారు పోసే రోజుల్లో కిరణాలు దాదాపు లంబంగా పడతాయి, మంచు కూడా నిలవకుండా జారిపోతుంది. ఉత్తరం నుంచి వెలుగు రాదు, వేడి మాత్రం పోతుంది కాబట్టి ఆ గోడను, ఆ వైపు కప్పును మామూలు ఇంటి గోడలాగే లోపల ఇన్సులేషన్ నింపి మూసేయాలి. లద్దాఖ్ రైతులు మూడు వైపులా మందపాటి మట్టి గోడలు కట్టి దక్షిణాన మాత్రమే పాలిథిన్ కప్పే పాకల్లోనూ ఇదే సూత్రం పనిచేస్తోంది. మిన్నెసోటా దక్షిణ భాగంలో స్థిర పునాదులు 42 అంగుళాల లోతుకు దిగాలని నిబంధన ఉంది. మట్టిలోని నీరు గడ్డకట్టి ఉబ్బినప్పుడు పైనున్న కట్టడాన్ని ఎత్తి పగలగొట్టకుండా ఉండటానికే అది. చిన్న షెడ్డును కంకర పరుపు మీద, చెదపట్టని దుంగలపై ఆనించి నిలపడం చవకైన మార్గం.

కప్పుకు రెండు పొరల పాలికార్బనేట్ రేకు గాజు కంటే నయం. పొరల మధ్య గాలి వేడిని ఆపుతుంది. రేకులోని గొట్టాలు వాలు వెంట కిందికి సాగాలి, లేకపోతే లోపల చేరిన తేమ కారిపోక నాచు పడుతుంది. వేడి లెక్క స్పష్టంగా వేసుకోవచ్చు. పది మిల్లీమీటర్ల రేకు 12 చదరపు మీటర్లు ఉన్న షెడ్డులో, లోపలి గాలి బయటికంటే 15 డిగ్రీలు వెచ్చగా ఉండాలంటే, పన్నెండు గంటల రాత్రిలో ఆ రేకు గుండానే సుమారు ఆరున్నర యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి పోతుంది. పగలు ఎండలో కాగిన 200 లీటర్ల నీటి పీపా రాత్రి పది డిగ్రీలు చల్లబడుతూ 2.3 యూనిట్ల వేడినిస్తుంది. ఉత్తర గోడ వెంట నల్ల రంగు పూసిన పీపాలు మూడు పెడితే, పగటి ఎండ బాగా కాసినంతకాలం ఏప్రిల్ రాత్రి గడిచిపోతుంది. జనవరిలో ఆ తేడా ముప్పై డిగ్రీలు దాటుతుంది, నష్టం రెట్టింపవుతుంది, పీపాలను కాచే ఎండే ఉండదు. విద్యుత్ హీటరుతో ఆ లోటు పూడ్చవచ్చు గాని, ఆ బిల్లుతో అంగట్లో కొనే వంకాయలు చాలా ఎక్కువ. మార్చిలో చేయదగింది షెడ్డంతా వేడి చేయడం కాదు, ట్రేల కింద మాత్రమే వేడి చాప పరచడం. మొలకకు కావలసింది వెచ్చని మట్టి.

పొదుపుగా కట్టినవారు మరచిపోయేది గాలి. బయట గడ్డకట్టే చలి ఉన్నా, ఎండకాసిన మార్చి మధ్యాహ్నం మూసిన షెడ్డులో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటి నారును కమిలిస్తుంది. నేల వైశాల్యంలో అయిదో వంతుకు తగ్గకుండా కిటికీలు ఉండాలి. మైనం నింపిన గొట్టంతో తెరుచుకునే పరికరం అందరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఎంతో మేలు చేస్తుంది: వేడికి మైనం ఉబ్బి కిటికీని తోస్తుంది, చల్లబడితే మూసుకుంటుంది, కరెంటు అక్కరలేదు. నాటడానికి ముందు వారం, పది రోజులు నారును మొదట నీడలో గంటసేపు, క్రమంగా రోజంతా బయట పెట్టి ఎండకూ గాలికీ అలవాటు చేస్తే ఆకు పైపొర గట్టిపడి, తెల్లబోయి ఎండిపోకుండా నిలుస్తుంది.

మే చివరికి ఖాళీ అయిన షెడ్డుకు ఆగస్టులో మళ్లీ పని మొదలవుతుంది. ఆ నెలలో చల్లిన పాలకూర, మెంతి పగళ్లు పది గంటల కంటే తగ్గే నవంబరు తొలివారానికి ఎదగడం దాదాపు ఆపేస్తాయి గాని వెంటనే చావవు. మెయిన్ రాష్ట్రపు రైతు ఎలియట్ కోల్‌మన్ దశాబ్దాలుగా రాస్తూ, చేసి చూపిస్తూ వచ్చింది ఇదే. పాలకూరపై లోపల మరో పలుచని వస్త్రం కప్పితే, బయటి మడులు గడ్డకట్టిన తర్వాత కూడా మరికొన్ని వారాలు కోత సాగుతుంది, ఫిబ్రవరి మొదటి వారంలో పగలు తిరిగి పది గంటలకు చేరాక బతికిన మొదళ్లు మళ్లీ చిగురు వేస్తాయి.