పారితోషికం వద్దు, బడి పెట్టండి

1911లో మద్రాసు ప్రభుత్వం సవర అనే గిరిజన భాషలో తయారైన కొన్ని పుస్తకాలను తన ఖర్చుతో అచ్చు వేయించింది. రాసిన మాస్టారికి పారితోషికం ఇవ్వబోయింది. ఆయన వద్దన్నారు. ఆ డబ్బుతో సవరలకు మంచి బడి పెట్టమని, దాన్ని తానే నడుపుతానని బదులిచ్చారు. వచ్చే సొమ్ము వదులుకున్నది చాలక కొత్త చాకిరీ నెత్తికెత్తుకున్న ఆ మాస్టారు గిడుగు వెంకట రామమూర్తి.

గిడుగు పేరు చెబితే తెలుగువాళ్లకు వాడుక భాషలోనే రాయాలన్న వ్యావహారికోద్యమం గుర్తొస్తుంది. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. దండలు పడతాయి, ఉపన్యాసాలు సాగుతాయి. వాటిలో సవరల ఊసు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. నిజానికి ఆ ఉద్యమం కంటే ముందే ఆయన సవరల పనిలో దిగారు.

గిడుగు 1863లో శ్రీకాకుళం సీమలో, వంశధార ఒడ్డునున్న పర్వతాలపేటలో పుట్టారు. 1875లో తండ్రి పోయారు. విజయనగరంలో మేనమామ చేరదీశారు. ఆ నీడలోనే మహారాజా వారి బడిలో చదువు సాగింది. గురజాడ అప్పారావు అక్కడ సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజా వారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు ముప్పై రూపాయలు.

పాతపట్నం దాటితే పర్లాకిమిడి. ఇప్పుడది ఒడిశాలో ఉంది. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ల పిల్లలకు సొంత భాషలో చదువు చెప్పాలని గిడుగుకు తోచింది. కానీ ఆ భాష ఆయనకు రాదు. తెలుగు తెలిసినంత మాత్రాన పట్టుబడేదీ కాదు. సవర ముండా కుటుంబానికి చెందిన భాష. సంతాలీ, ముండారీ దాని చుట్టాలు. గొంతులో ఊపిరి చటుక్కున ఆగి పలికే ధ్వనులు అందులో ఉన్నాయి, తెలుగు చెవికి అవి ఒక పట్టాన అందవు.

అందుకని ముందు ఆయనే విద్యార్థి అయ్యారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. మన్యంలో తిరిగారు. ఆ తర్వాతే వాచకాలు, కథల పుస్తకాలు, పాటల పుస్తకాలు, నిఘంటువులు తయారయ్యాయి. సొంత డబ్బుతో బడులు తెరిచారు, సవరలకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు. ఎదుటివాడికి దారి చూపాలని ఉబలాటపడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అతను ఏ భాషలో ఆలోచిస్తాడో తెలుసుకోవడానికి ఏళ్లు వెచ్చించేవాళ్లే అరుదు.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. మన్యం జ్వరం పట్టుకుంది. క్వినైన్ తప్ప వేరే మందు లేని రోజులవి. ఆ మందు ఆయన వినికిడిని దెబ్బతీసింది. పలుకులోని సూక్ష్మాలు పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనిషికి జీవితాంతం చెవుడు.

పైసా ఆశించకుండా నేర్పే తీరు మరొకటి గిడుగు పుట్టిన శ్రీకాకుళం జిల్లాలోనే, పొందూరులో ఉంది. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, రాట్నం మీద వంద కౌంటు నూలు తీసే ఊరు. ఆ నేత మాట విన్న గాంధీజీ కొడుకు దేవదాస్‌ను పంపి స్వయంగా చూసి రమ్మన్నారు. ఆ ఒడుపు బడుల్లో వచ్చింది కాదు. అమ్మ పక్కన, అత్త పక్కన కూర్చుని నేర్చుకున్నది. దవడ పళ్ల మీద పత్తిని ఎంత మెత్తగా లాగాలో, పోగు తెగకుండా చెయ్యి ఎంతవరకు సాగాలో పక్కనున్న పెద్దావిడ చూపించాల్సిందే. అందుకు ఫీజు లేదు.

అయితే ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నేర్పడం ఉచితం కావచ్చు గానీ, వడకడం ఉచితం కాకూడదు. ఈ సన్న నూలు వడికే ఆడవాళ్లకు దక్కే కూలి తక్కువన్నది ఎప్పుడూ వినబడే మాటే. కొత్తతరం రాట్నం దగ్గరికి రాకపోవడానికి అదొక కారణం. 1949లో ఇక్కడ ఏర్పడిన ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం పేరులోనే కార్మికుల అభివృద్ధి ఉంది. జీతమున్న గిడుగు మాస్టారు పారితోషికం తనంతట తాను కాదన్నారు. పూటగడవని మనిషిని సేవ పేరు చెప్పి ఊరికే చెయ్యమనడం వేరు. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లు మనలో తక్కువేమీ లేరు.

గిడుగుకు అసలేమీ రాలేదని కాదు. 1913లో రావుసాహెబ్ బిరుదు ఇచ్చారు, తర్వాత కైజర్-ఇ-హింద్ పతకమూ వచ్చింది. బిరుదు వచ్చాక కూడా సవర పని ఆపలేదు. ఇంగ్లీషులో ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. అప్పటికి ఆయన వయసు డెబ్బైకి దగ్గర. 1936లో ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలుస్తుంటే, ఇష్టం లేక ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఈ శతాబ్దం తొలి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గిరిజన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య మొదలుపెట్టినప్పుడు, ఎంచుకున్న భాషల్లో సవర ఒకటి. వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. పాఠం చెప్పడానికి ఆ గూడేల యువతీయువకులనే తీసుకున్నారు. సవరలకు సవరలే చదువు చెప్పే ఏర్పాటు గిడుగు తన జేబు డబ్బుతో ఏనాడో చేసి చూసిందే.