ఆర్కిడోమీటర్

మగపిల్లల్లో యుక్తవయసుకు తొలి గుర్తు నూనూగు మీసమో గొంతు మారడమో అనుకుంటాం. కాదు, వృషణాలు పెరగడం. వాటిని కొలవడానికి స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ 1966లో పరిచయం చేసిన పూసల దండే ఆర్కిడోమీటర్. 1 నుంచి 25 మిల్లీలీటర్ల దాకా 12 పూసలుంటాయి. డాక్టరు చేత్తో తడిమి, సరితూగే పూసను గుర్తిస్తారు. 4 మిల్లీలీటర్లకు చేరితే యుక్తవయసు మొదలైనట్టే. 9 ఏళ్లలోపే మొదలైనా, 14 నిండినా మొదలవకపోయినా పరీక్షలు తప్పవు.

చేతి కొలతలో చర్మం మందమూ కలిసి అంకె కాస్త పెరుగుతుంది. చిన్నపిల్లల్లో ఈ తేడా మరీ ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో పొడవు, వెడల్పు, మందం గుణించి 0.71తో హెచ్చవేస్తే కచ్చితమైన పరిమాణం వస్తుంది. నొప్పి లేదు, రేడియేషనూ లేదు. అయితే ఆరు నెలలు నిండినా బిడ్డకు వృషణం సంచిలోకి దిగకపోతే స్కాన్ కోసం ఆగకండి, నేరుగా పిల్లల సర్జన్‌కు చూపించండి.