టాక్సిక్ షాక్: ఆసుపత్రి రికార్డుల్లో ఎందుకు కనపడదు?

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు దక్షిణపు వీధి, పడమర వీధి ప్రాంతాల్లో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. కొద్ది రోజుల్లోనే బాధితుల సంఖ్య 600 దాటింది. పత్రికలు 'వింత వ్యాధి' అన్నాయి. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది, తర్వాత అనుమానం పురుగుమందుల అవశేషాల మీదికి మళ్లింది. కారణం మీద వాదన ఎలా ఉన్నా, ఎంతమందికి వచ్చిందో లెక్క దొరికింది. ఒకే ఊళ్లో, ఒకే వారంలో, ఒకే లక్షణంతో వాళ్లు ప్రభుత్వాసుపత్రికి వచ్చారు కాబట్టి.

ఒక్కొక్కరికీ విడివిడిగా వచ్చే జబ్బుల మాటేమిటి? టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అలాంటిదే. ముఖ్యంగా స్టెఫలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వదిలే విషం వల్ల ఇది వస్తుంది. తీవ్ర జ్వరం వస్తుంది, బీపీ పడిపోతుంది, ఒళ్లు ఎర్రబారుతుంది, కిడ్నీలూ కాలేయమూ దెబ్బతింటాయి. 1978లో అమెరికాలో డాక్టర్ జేమ్స్ టాడ్ బృందం ఏడుగురు పిల్లల్లో చూసి దీనికి ఆ పేరు పెట్టింది. వారిలో మగపిల్లలూ ఉన్నారు. కానీ 1980లో 'రిలై' టాంపాన్ గొడవతో ఇది నెలసరి జబ్బుగా ముద్రపడింది. మన ఆడవాళ్లలో టాంపాన్లు వాడేవారు తక్కువ కాబట్టి మనకు లేదనుకుంటే పొరపాటే. కాన్పు, ఆపరేషన్, కాలిన గాయం, చేతికి తెగిన గాటు, ఏదైనా దీనికి దారి కావచ్చు.

అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలో 2000–2006 మధ్య ఆసుపత్రి రికార్డులతోనే దీన్ని లెక్కపెట్టారు. ఈ జబ్బు కోడ్ ఒక్కటే వెతకలేదు. దీనిలా కనిపించగల జబ్బుల కోడ్‌లన్నీ కలిపి 7,491 అడ్మిషన్లు వడపోస్తే 61 కేసులు తేలాయి. వాటిలో 28 నెలసరితో సంబంధం లేనివి. మొత్తం 61 కేసులూ కలిపి చూస్తే ఏడాదికి లక్షమందికి 0.52 అన్నమాట.

ఇదే పద్ధతి మన దగ్గర పెడితే? ఐసీడీ-10లో దీని కోడ్ ఏ48.3. ఆ కోడ్ మీదే ఆధారపడితే సున్నా వచ్చినా ఆశ్చర్యం లేదు. డాక్టరు 'సెప్సిస్' అని రాస్తే ఆ కేసు అక్కడే కలిసిపోతుంది. నిర్ధారణ నియమాలు కూడా మన జనానికి అనుకూలంగా లేవు. ఒంటి ఎరుపు కనపడాలి, నల్లని చర్మం మీద అది సులభంగా కనపడదు. జబ్బు మొదలైన ఒకటి రెండు వారాలకు చర్మం, ముఖ్యంగా అరచేతులూ అరికాళ్లూ, పొరలుగా ఊడాలి. బతికినవారిలో అది నమోదు కాకపోతే కేసు 'నిర్ధారణ' కాదు, 'అనుమానం' దగ్గరే ఆగిపోతుంది. అప్పటికి మనిషి డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటుంది. చేపల చెరువులో సున్నం చల్లే కూలీ అరచేయి ఊడితే సున్నం వల్లే అనుకుంటారు.

అంతకుముందే ఇంకో జల్లెడ ఉంది. కొల్లేరు లంకల్లో జ్వరం వస్తే మొదట ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్. మరీ విషమిస్తే విజయవాడ. అక్కడ చనిపోతే ఆ చావు అక్కడి రికార్డులోకి పోతుంది. కేసు షీటులో ఊరు రాస్తారు, చాలాసార్లు పేట రాయరు. దాంతో ఏ జబ్బు దళితవాడల్లో ఎక్కువో ఆ కాగితం నుంచి తేల్చలేం. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. కృష్ణా జిల్లాలోని కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, తాడేపల్లిగూడెం పశ్చిమగోదావరిలోనే ఉండిపోయింది. ఆ తేదీకి ముందూ వెనకా జిల్లా అంకెలను నేరుగా పోల్చితే తప్పుడు లెక్కే వస్తుంది. ఊరిని బట్టి కూడాలి.

మేం అనేది, కోడ్‌లను నమ్మకుండా కేసు షీట్లు చదవాలి. ఏలూరు, తాడేపల్లిగూడెం, విజయవాడ ఆసుపత్రుల్లో జ్వరంతో బీపీ పడిపోయిన ప్రతి అడ్మిషన్‌నూ, రోగి పేరు తీసేసి, బాలింతలు, కాలిన గాయాలవారు, ఆపరేషన్ అయినవారు అని వేరు చేసి చూడాలి. అరచేతుల సంగతికి కొత్త ఉద్యోగి అక్కర్లేదు. ఆసుపత్రి కాన్పు తర్వాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలని నియమం ఉంది. కాన్పయ్యాక జ్వరంతో మళ్లీ ఆసుపత్రిలో చేరి వచ్చిన తల్లిని 14వ రోజునా, 21వ రోజునా 'చేతుల తోలు ఊడుతోందామ్మా?' అని అడిగి ఆ కార్డు మీదే రాస్తే చాలు.