హైదరాబాదు చూడబోతున్నారా?

పిల్లలూ! సెలవులు వచ్చాయంటే మీలో చాలామంది అమ్మానాన్నలతో కలిసి ఏదో ఒక పెద్ద ఊరు చూడటానికి బయలుదేరతారు. తెలుగువాళ్ళలో ఎక్కువమంది మొదట చూసేది హైదరాబాదే. చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, హుస్సేన్ సాగర్ - రెండు రోజుల్లో అన్నీ చుట్టి, ఫోటోలు తీసుకుని, గాజులు కొనుక్కుని తిరిగి వస్తారు. ఈసారి వెళ్ళేటప్పుడు సంచీలో ఒక నోటుపుస్తకం, పెన్సిలు కూడా పెట్టుకోండి. మీరు చదువుకునే భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, భూగోళం ఆ ఊళ్ళో ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతాను.

చప్పట్ల లెక్క

ముందుగా గోలకొండకు పదండి. కోట ద్వారం దాటగానే గుమ్మటం కింద నిలబడి గైడు చప్పట్లు కొడతాడు. ఆ చప్పుడు కొండ పైనున్న బారాదరి దాకా వినిపిస్తుందని, అది కిలోమీటరు దూరమని చెబుతాడు. శత్రువు వస్తే పైవారిని హెచ్చరించడానికి ఈ ఏర్పాటట. ఎలా సాధ్యం?

ఆరుబయట చప్పట్లు కొడితే ధ్వని అన్ని వైపులకూ వ్యాపిస్తుంది. దూరం రెండింతలయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పది మీటర్ల దగ్గర ఉన్న తీవ్రతతో పోలిస్తే, కిలోమీటరు దూరంలో అది పదివేల వంతుల్లో ఒక వంతు మాత్రమే. ఇక చెవికి ఏం వినిపిస్తుంది? కాని గుమ్మటం లోపలి వంపు ధ్వనికి పుటాకార దర్పణంలా పనిచేస్తుంది. టార్చిలైటులో బల్బు వెనకనున్న అద్దం వెలుగును ఒక వైపుకు మళ్ళించినట్లే, ఈ వంపు ధ్వనిని పరావర్తనం చేసి ఒక వైపుకు పంపుతుంది. గట్టి రాయి, సున్నపు గచ్చు ధ్వనిని చాలా తక్కువగా పీల్చుకుంటాయి. అక్కడే మందపాటి గుడ్డ తెరలు వేలాడదీస్తే చప్పుడు చాలావరకు వాటిలోనే అణగిపోతుంది.

సరే, ఆ దూరం నిజంగా కిలోమీటరేనా? గైడు మాట అలాగే నమ్మనక్కరలేదు, మీరే కొలవవచ్చు. నాన్నను కింద గుమ్మటం దగ్గర ఉంచి, మీరు అమ్మతో కలిసి పైకి వెళ్ళండి. మూడువందలకు పైగా మెట్లున్నాయి, తొందరపడకండి. పైకి చేరాక నాన్నకు సెల్‌ఫోను చేయండి. ఆయన "ఇదిగో" అంటూ, ఆ మాటతోపాటే గట్టిగా చప్పట్లు కొట్టాలి. మాట ఫోనులో దాదాపు వెంటనే చేరుతుంది. చప్పుడు మాత్రం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున నడిచి రావాలి. ఫోనులో మాట విన్నప్పటినుంచి చప్పట్లు వినిపించేదాకా పట్టిన కాలాన్ని స్టాప్‌వాచితో కొలిచి, 340తో గుణించండి. మూడు సెకన్లు పడితే దూరం కిలోమీటరన్నమాట. ఒకటిన్నర సెకన్లే పడితే అర కిలోమీటరు. మెట్లదారి వంకరటింకరగా ఉంటుంది, ధ్వని తిన్నగా వస్తుంది. కనుక నడిచిన దూరం, ధ్వని వచ్చిన దూరం ఒకటి కావని మరచిపోకండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫోను కూడా మాటను కొంచెం ఆలస్యంగానే చేరవేస్తుంది. అందుకని కొండ ఎక్కకముందే ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఒకసారి "ఇదిగో" అనుకుని, ఆ మాట ఫోనులో ఎంత ఆలస్యంగా వినిపిస్తుందో చూసుకోండి. పైన వచ్చిన కాలానికి దాన్ని కలపండి. ఏ కొలత తీసుకున్నా పనిముట్టులోని లోపాన్ని ముందుగా తెలుసుకోవాలన్నది శాస్త్రంలో మొదటి పాఠం.

రాళ్ళు గుండ్రంగా ఎందుకున్నాయి?

మెట్లెక్కుతూ ఆయాసం తీర్చుకోవడానికి ఆగినప్పుడు చుట్టూ చూడండి. ఒకదానిపై ఒకటి పేర్చినట్లు పెద్ద పెద్ద గుండ్లు కనిపిస్తాయి. ఎవరూ పేర్చలేదు. ఇవి గ్రానైటు రాళ్ళు. వీటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల గట్టిపడిన ఈ శిలలో నిలువుగా, అడ్డంగా పగుళ్ళు పడి, ఇటుకల్లాంటి దిమ్మలుగా విడిపోయింది. పగుళ్ళలో నీరు దిగింది. దిమ్మ ముఖాన్ని నీరు ఒక వైపునుంచే తింటుంది, అంచును రెండు వైపులనుంచి, మూలను మూడు వైపులనుంచి తింటుంది. అందువల్ల మూలలు ముందుగా అరిగిపోయి దిమ్మ గుండుగా మారుతుంది. పైమట్టి వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడతాయి. ఇటువంటి గుండ్లను నగరంలో ఎన్నోచోట్ల ఇళ్ళకోసం పేల్చివేశారు. కోట్ల ఏళ్ళపాటు నిలిచినది ఒక్క పూటలో కంకరైపోయింది.

గోడల్లో అక్కడక్కడ మట్టి గొట్టాలు కనిపిస్తే ఆగి చూడండి. నీరు పల్లమెరుగును కదా! అందుకే కొండమీది నివాసాలకు నీటిని రాట్నాలతో అంచెలంచెలుగా ఎత్తైన తొట్లకు తోడి, అక్కడినుంచి ఈ గొట్టాలగుండా కిందికి వదిలేవారు. మీ ఊరి వాటర్ ట్యాంకు సూత్రమూ ఇదే.

చింతచెట్టు చెప్పే కథ

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ చుట్టూ జనం గుమిగూడతారు. దాన్ని చూశాక, ముందువైపు పురుషుడు, వెనకవైపు స్త్రీ ఉన్న కొయ్యబొమ్మ దగ్గరకు వెళ్ళండి. వెనకనున్న అద్దం వల్లనే ఒకేచోట నిలబడి రెండు బొమ్మలనూ చూడగలుగుతున్నాం. సమతల దర్పణం పాఠానికి ఇంతకన్న మంచి బొమ్మ ఏముంటుంది?

బయటకు వస్తే మూసీనది. దానిలోని సన్నని పాయ చూసి ఇది ఎవరినేం చేస్తుందిలే అనుకుంటాం. 1908 సెప్టెంబరు 28న ఈ నదే నగరాన్ని ముంచెత్తింది. కుండపోత వానకు ఎగువనున్న చెరువులెన్నో తెగి, ఆ నీరంతా ఒక్కసారిగా వచ్చి పడింది. వేలాదిమంది చనిపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి ఉపాయం అడిగారు. వరదను నగరానికి ఎగువనే ఆపాలన్నాడాయన. అలా వచ్చినవే ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927). అడుగున చిన్న చిల్లి ఉన్న బకెట్టులో చెంబెడు నీళ్ళు గుమ్మరించండి. పైనుంచి ఒక్కసారిగా పడిన నీరు కిందినుంచి నెమ్మదిగా పోతుంది. జలాశయం చేసే పని అదే. 2020 అక్టోబరులో నగరంలో అనేక కాలనీలు మళ్ళీ మునిగాయి. నీరు నిలిచే పల్లాల్లో, పారే దారుల్లో ఇళ్ళు కట్టుకోవడం అందుకొక ముఖ్య కారణం. కట్టినవారు మరచిపోవచ్చుగాని, నీరు తన దారి మరచిపోదు.

ఎవరూ చూపించని చోటు

యాత్రికుల బస్సు సాధారణంగా ఆగని చోటు ఒకటుంది. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరిట ఉన్న పాత భవనం అది. ఒకప్పుడు మలేరియా చెడుగాలివల్ల వస్తుందనుకునేవారు. ఆ పేరుకు అర్థమే చెడుగాలి. రాస్ ఇక్కడ పనిచేస్తూ, మలేరియా రోగి రక్తం తాగిన దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షించాడు. 1897 ఆగస్టు 20న ఒక అనాఫిలిస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచానికంతటికీ ఉపయోగపడిన సంగతి మన సికింద్రాబాదులో బయటపడిందన్నమాట! వీలైతే ఆ భవనాన్ని బయటనుంచైనా చూసి రండి.

ఇంటికి వచ్చాక

1. గోలకొండలో మీరు కట్టిన దూరాన్ని నోటుపుస్తకంలో రాసి, లెక్కతో సహా మీ మాస్టారుకు చూపించండి.

2. మీ ఊరి చెరువు నిండితే అలుగు నీరు ఏ దారిన పోతుందో పెద్దలను అడిగి పటం గీయండి. ఆ దారిలో ఇప్పుడేముందో నడిచి చూడండి.

3. పెరట్లో నిలవ ఉన్న నీటిని గాజు గ్లాసులో తీసి వెలుగుకు ఎదురుగా పట్టండి. తోకాడిస్తూ కదిలే పురుగులు కనిపిస్తే అవి రేపటి దోమలు. వెంటనే ఆ నీటిని ఎండిన నేలమీద పారబోయండి.